ప్వాలూ: ఒక ముద్దుపేరు వెంట పారిస్ నుంచి వెర్డన్ దాకా

శనివారం, పారిస్

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ కాల్బలం సైనికుణ్ణి ఇక్కడి జనం ప్వాలూ అంటారు. ప్వాల్ అంటే ఒంటి మీద వెంట్రుక, ప్వాలూ అంటే ఒంటి నిండా వెంట్రుకలున్నవాడు, మోటుగా చెప్పాలంటే బొచ్చుగాడు. తల మీద జుట్టుకి వాళ్ళకి వేరే మాట ఉంది, ఇది గడ్డానికి, మీసానికి, ఛాతీ మీద వెంట్రుకలకి వాడే మాట. సుమారు 14 లక్షల మంది ఫ్రెంచ్ సైనికులు పోయారు ఆ యుద్ధంలో, వాళ్ళందరినీ దేశం ఇప్పటికీ ఈ పేరుతోనే, అదీ ఎంతో గౌరవంగా తలుచుకుంటుంది. ఇలాంటి మోటు మాట అంత గౌరవం ఎలా సంపాదించుకుందా అని నాకు చాలా కాలంగా ఉంది, అందుకే ఈసారి అక్కావాళ్ళింటికి వచ్చినప్పుడు ఈఫిల్ టవర్ లాంటివన్నీ పక్కనపెట్టి ఈ పేరు తిరిగిన చోట్లకి తీసుకెళ్ళమని బావని పట్టుకున్నాను. బావకి ఫ్రెంచ్ బాగా వచ్చు, పైగా చరిత్ర అంటే పిచ్చి, అడగ్గానే సెలవు పెట్టేశాడు.

మొదట గార్ ద లెస్ట్ స్టేషన్‌కి వెళ్ళాం. తూర్పు వైపు, అంటే జర్మనీ సరిహద్దు వైపు వెళ్ళే రైళ్ళన్నీ ఇక్కణ్ణించే. 1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించగానే లక్షల మంది ఇక్కడే రైలెక్కారు. స్టేషన్ హాల్లో గోడ మీద పైన 12 మీటర్ల పొడవున్న పెయింటింగ్ ఒకటి ఉంది, కింద జనం సూట్‌కేసులు లాక్కుంటూ శాండ్‌విచ్‌లు తింటూ పోతుంటారు, తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. ఆల్బర్ట్ హెర్టర్ అనే అమెరికన్ చిత్రకారుడు వేసి 1926లో ఫ్రాన్స్‌కి ఇచ్చాడు. దాని పేరు "ప్వాలూల ప్రయాణం, 1914 ఆగస్టు". మధ్యలో రైలు తలుపు దగ్గర ఒక కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటాడు, తుపాకి గొట్టంలో పువ్వు గుచ్చి ఉంటుంది. ఆ కుర్రాడు హెర్టర్ కొడుకు ఎవరిట్, 1918లో ఫ్రాన్స్‌లోనే యుద్ధంలో చచ్చిపోయాడు. కుడి పక్కన పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ ముసలాయన హెర్టరే, ఎడం పక్కన ఉన్నావిడ ఆ కుర్రాడి తల్లి. కొడుకు పోయిన ఎనిమిదేళ్ళకి తండ్రి కూర్చుని ఆ ముఖాన్ని గీశాడంటే ఎలా గీయగలిగాడో నాకు తెలీదు, నేనైతే అక్కడ చాలాసేపు ఉండిపోయాను.

బావ ఒక సంగతి చూపించాడు. "ఏరా, టైటిల్లో ప్వాలూ అన్నాడు కదా, ఆ బొమ్మలో గడ్డాలున్నవాళ్ళు ఎంతమందో చూడు" అన్నాడు. నిజమే, ఎక్కువమంది నున్నగా గీసుకున్న ముఖాలు, మహా అయితే మీసాలు. 1914 ఆగస్టులో రైలెక్కినవాళ్ళని దేశం ఇంకా ఆ పేరుతో పిలవడం లేదు, ఆ నెలల్లో జనం నోట్లో ఉన్నది "ప్యూప్యూ" అనే పాత ముద్దుపేరు, కోడిపిల్లల కిచకిచలా ఉండే మాట, కుర్ర సైనికుడు అని ప్రేమగా అనడం. కందకాల్లోకి దిగాక, తిరిగిరావడం ఇప్పట్లో లేదని తెలిశాక, ప్యూప్యూ అనే పిల్లల మాట నప్పకుండా పోయింది. ఆ స్థానంలోకి ప్వాలూ వచ్చింది.

సాయంత్రం ఆర్క్ ద ట్రియోంఫ్ దగ్గరికి. కమాను కింద అజ్ఞాత సైనికుడి సమాధి, దాని మీద జ్యోతి. 1923 నవంబర్ 11న మొదట వెలిగించారు, అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆరున్నరకి దాన్ని రాజేస్తారు. మేం వెళ్ళినరోజు స్కూలు పిల్లలు వచ్చారు, పాత సైనికుల సంఘం పెద్దలు జెండాలు పట్టుకుని నిలబడ్డారు, చుట్టూ ఆ పెద్ద సర్కిల్లో కార్లు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఆ సమాధిలో ఉన్నతన్ని ఎలా ఎంచారో వెర్డన్‌లో చూడబోతున్నాం కాబట్టి అది అప్పుడు రాస్తాను.

ఆదివారం, మో

పారిస్ నుంచి తూర్పుగా లోకల్ ట్రైన్‌లో మో అనే ఊరు, గంట కూడా పట్టదు. బ్రీ చీజ్‌కి పేరున్న ఊరు. 1914 సెప్టెంబర్లో జర్మన్లు దాదాపు ఇక్కడిదాకా వచ్చేశారు, మార్న్ యుద్ధంలో వాళ్ళని ఆపింది ఈ చుట్టుపక్కల పొలాల్లోనే. ఊరి బయట 2011 నవంబర్ 11న తెరిచిన మ్యూజియం ఉంది, ఒక్క మొదటి ప్రపంచ యుద్ధం కోసమే కట్టింది. జాన్ పియేర్ వెర్నే అనే ఒకే ఒక్క మనిషి జీవితమంతా పోగేసిన వస్తువులతో మొదలైంది, అక్కడున్న సరుకు చూస్తే ఒక్కడు ఇంత ఎలా పోగేశాడా అనిపిస్తుంది.

లోపల ఒక పక్క 1914 సైనికుడు, ఇంకో పక్క 1918 సైనికుడు. 1914 వాడు నీలం కోటు, ఎర్ర ప్యాంటు, తల మీద గుడ్డ టోపీ. మెషిన్ గన్ల కాలంలో ఎర్ర ప్యాంటు! ఆ ఎరుపుకి వాడే రంగు కూడా జర్మనీ ఫ్యాక్టరీల్లోంచి వచ్చేదే. 1914 ఆగస్టు 22న ఒక్కరోజులో సుమారు 27,000 మంది ఫ్రెంచ్ సైనికులు చనిపోయారు, ఆ నెలంతా వాళ్ళు పొలాల్లో నిలువుగా నడుచుకుంటూ తుపాకుల మీదకి వెళ్ళారు. తర్వాతి ఏడాది ఆకాశపు నీలం యూనిఫాం వచ్చింది, ఆద్రియాన్ హెల్మెట్ వచ్చింది. 1918 వాడి బొమ్మ అదీ.

ఆ హెల్మెట్ ముందు ఎక్కువసేపు గడిపాను. పల్చటి ఉక్కు రేకు, బరువు 700 గ్రాములు అటూ ఇటూ, నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి ఒక దూలంలాంటి పట్టీ, నుదుటి మీద మంట లేస్తున్న గ్రెనేడ్ బిళ్ళ, దానిలో ఫ్రెంచ్ రిపబ్లిక్ అక్షరాలు. గ్రెనేడ్ ఉంటే కాల్బలం, లంగరు ఉంటే కాలనీల దళం, బూర ఉంటే షాసర్లు, అంటే చురుగ్గా కదిలే తేలికపాటి దళం. అంచు మీద నీలం పెయింటు రాలిపోయి కింద ఉక్కు తుప్పు పట్టి కనిపిస్తోంది, లోపలి తోలు పట్టీ ఎండిపోయి ముడతలు పడింది, ఒకచోట చెమటకి నల్లగా మరక పడింది. ఆ మరక దగ్గర ఆగిపోయాను. ఎవరి చెమటో.

ఇప్పుడు పేరు సంగతి. అందరూ చెప్పే కథ ఒకటే: కందకాల్లో నీళ్ళు లేవు, గడ్డం గీసుకునే వీలు లేదు, గడ్డాలు మాసిపోయాయి, అందుకని ప్వాలూ. వినడానికి బాగుంటుంది, సగం నిజం కూడా. 1914 చివర్లో, 1915 చలికాలంలో తీసిన ఫోటోల్లో గడ్డాలు కనిపిస్తాయి, ఇక్కడ గోడల మీద చాలా ఉన్నాయి, ఒంటి మీద గొర్రెతోళ్ళు కప్పుకుని, గడ్డాలు పెంచుకుని, ముఖాన మట్టి. కానీ మాట మాత్రం గడ్డాల కంటే చాలా పాతది. మొలియేర్ 1659లో వేసిన నాటకంలోనే ఒకడు ఇంకొకణ్ణి "మూడు వెంట్రుకల వీరుడు" అని పొగుడుతాడు. ఆ మూడు వెంట్రుకలు అసలు మఖ్మల్ గుడ్డ లెక్క, మూడు పోగుల మఖ్మల్ అంటే మేలైన సరుకు అని. ఆ తర్వాత బాల్జాక్ 1833లో రాసిన నవలలో, నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనక్కి వస్తూ 1812 నవంబర్లో బెరెజినా నది దాటిన సంగతి వస్తుంది. ఐసు నీళ్ళలో నడుం లోతు దిగి వంతెన కట్టాలి, దిగితే చావే, జనరల్ ఎబ్లేకి ఆ పని చేయగల "ప్వాలూలు" నలభై రెండు మందే దొరికారు అని రాస్తాడు బాల్జాక్. అంటే ఈ యుద్ధానికి ఎనభై ఏళ్ళ ముందే ఆ మాటకి అర్థం గడ్డం కాదు, గుండె ధైర్యం.

మనకి ఇది అర్థం కాకపోవడమేం లేదు. మీసం మెలేశాడంటే వెంట్రుకల గురించి మాట్లాడుతున్నామా? మూతి మీద మీసముంటే రా అని సవాలు చేసేది ఎందుకు? అదే ఇది, వాళ్ళది ఒంటి మీద వెంట్రుక, మనది మూతి మీద మీసం.

అల్బెర్ దోజా అనే భాషా పండితుడు యుద్ధం జరుగుతుండగానే సైనికులకి ప్రశ్నలు పంపి, వాళ్ళ జవాబులతో 1918లో సైనికుల యాస మీద పుస్తకం వేశాడు. ఆయన చెప్పేది కూడా ఇదే. వెనక ఊళ్ళల్లో కూర్చున్నవాళ్ళు అనుకున్నట్టు ప్వాలూ అంటే గీసుకునే తీరిక లేని గడ్డం మనిషి మాత్రమే కాదు, వెంట్రుకలు ఉండాల్సిన చోట ఉన్నవాడు, అరచేతిలో కాదు అంటాడు. అరచేతిలో వెంట్రుక మొలిచిందంటే ఫ్రెంచివాళ్ళకి ఒళ్ళు వంచని సోమరిపోతు అని అర్థం. 1914కి ముందే బ్యారక్‌ల యాసలో ఈ మాట తిరుగుతోంది, యుద్ధం దాన్ని దేశమంతా పాకించింది, అంతే.

ఇంకో విషయం, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ గ్యాస్ వదిలారు. అక్కణ్ణించి గ్యాస్ మాస్కులు వచ్చాయి, మాస్కు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. ఇక్కడ మ్యూజియంలో మాస్కులు వరసగా పెట్టారు, మొదట్లో వచ్చినవి దూది, గుడ్డ ముక్కలు, తర్వాత కళ్ళకి అద్దాలున్నవి. అంటే ప్వాలూ అనే పేరు పేపర్ల నిండా, పోస్టర్ల నిండా పాకుతున్న రోజుల్లోనే అసలు మనుషుల గడ్డాలు పోతున్నాయి. 1916 తర్వాతి ఫోటోలు చూడండి, మీసాలే, గడ్డాలు చాలా అరుదు. గడ్డం పోయింది, పేరు ఉండిపోయింది. ఈ ఒక్క సంగతి నా మటుకి నాకు ఆ గడ్డం కథని పక్కన పెట్టడానికి సరిపోయింది.

మ్యూజియం షాపులో పాత పోస్టర్ల పోస్ట్‌కార్డులు కొన్నాం. 1915 డిసెంబర్ 25, 26 తేదీల్లో "ప్వాలూ దినం" అని జరిపారు, సైనికుల కోసం చందాల పండగ. దానికి వేసిన పోస్టర్లలో పుల్బో గీసినది ఒకటి, చిన్నపిల్లలు చెయ్యి చాపి నాన్న సెలవు మీద ఇంటికి రావడానికి దయచేసి ఇవ్వండి అని అడుగుతుంటారు. బావ ఆ కార్డు చేతిలో పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ చిన్నోడికి ఆరేళ్ళు.

సోమవారం, వెర్డన్ ఊరు

పొద్దున్నే కారులో బయల్దేరాం, ఎ4 హైవే మీద రెండున్నర గంటలు, అక్క కట్టిచ్చిన పులిహోర మధ్యలో రెస్ట్ ఏరియాలో తిన్నాం, బయట చలి, కార్లోనే కూర్చుని. ఊరు చిన్నది, మ్యూజ్ నది మధ్యలోంచి వెళ్తుంది, మధ్యాహ్నం షాపులు మూసేస్తారు. డ్రాజే అని బాదం పప్పు మీద చక్కెర పూత పెట్టిన మిఠాయి ఇక్కడి ప్రత్యేకం, వందల ఏళ్ళ నుంచి చేస్తున్నారు. ఒక డబ్బా తీసుకున్నాం.

వెర్డన్ యుద్ధం 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబర్ 18 దాకా నడిచింది. రెండువైపులా కలిపి సుమారు మూడు లక్షల మంది చచ్చిపోయారు. కొండ కింద తవ్విన సొరంగాల కోట, సిటడెల్ అంటారు, యుద్ధం అంతా అందులో సైన్యం ఉండేది, రొట్టెలు కూడా అక్కడే కాల్చేవారు. లోపల బాగా చలి, స్వెటర్ లేకుండా వెళ్ళొద్దు.

ఇక్కడే 1920 నవంబర్ 10న అజ్ఞాత సైనికుణ్ణి ఎంచారు. రకరకాల యుద్ధరంగాల నుంచి పేరు తెలియని సైనికుల శవపేటికలు తెచ్చారు, అనుకున్నవి తొమ్మిది, కానీ ఒకతను ఫ్రెంచివాడేనా అన్న అనుమానంతో ఎనిమిదే పెట్టారు. ఎంచే పని ఒగ్యూస్త్ తాన్ అనే ఇరవై ఒక్కేళ్ళ సిపాయికి ఇచ్చారు, వాళ్ళ నాన్న కూడా యుద్ధంలోనే కనిపించకుండా పోయాడు. చేతికి ఎర్ర, తెల్ల కార్నేషన్ పూలగుత్తి ఇచ్చి ఏదో ఒక పేటిక మీద పెట్టమన్నారు. తాన్ తన రెజిమెంట్ నంబర్ 132, ఒకటి ప్లస్ మూడు ప్లస్ రెండు ఆరు, తనున్న కోర్, అంటే ఆ రెజిమెంట్ పైనుండే పెద్ద సైనిక విభాగం, అది కూడా ఆరోదే అని లెక్కేసుకుని పేటికల చుట్టూ నడిచి ఆరోదాని మీద పూలు పెట్టాడు. పక్కనున్న మంత్రి ఆంద్రే మాజినో, ఆయన కూడా సామాన్య సార్జెంట్‌గా ఈ వెర్డన్ దగ్గరే 1914లో కాలికి దెబ్బ తగిలి బయటపడ్డవాడే. ఆ ఆరో పేటికలో ఉన్నతనే శనివారం మేం పారిస్‌లో చూసిన సమాధిలో ఉన్నది. మిగతా ఏడుగురు ఇక్కడే ఊరి శ్మశానంలో ఉన్నారు, సాయంత్రం వెళ్ళాం, ఏడు సమాధులు ఒక దగ్గర, ఎవరో తాజాగా పూలకుండీ పెట్టి వెళ్ళారు.

రాత్రి లాడ్జిలో బావ, నేను వాళ్ళ మాటల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. వైన్‌ని పినార్ అనేవారు, టిన్నులో గొడ్డుమాంసాన్ని కోతి అనేవారు, కాఫీ జ్యూ, పేలు తోతోలు, పెద్ద షెల్లు వస్తే మార్మిత్, అంటే వంట గిన్నె వచ్చింది అనేవారు. కందకంలో తలదాచుకునే గుంతని కాఞా అనేవారు, అది వియత్నాం నుంచి వచ్చిన మాట, ఇల్లు అని. వీపు మీద మూటని బర్దా అనేవారు, డాక్టర్ని తూబిబ్ అనేవారు, రెండూ అరబ్బీ. కాలనీల్లో పనిచేసిన సిపాయిలు తెచ్చిన మాటలవి. ఆ మూట బరువు ముప్పై కిలోల దాకా ఉండేది.

మరి వాళ్ళని వాళ్ళు ఏమనుకునేవారు? ఇది నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. వాళ్ళలో వాళ్ళు ఎక్కువగా వాడుకున్న మాట బొనొమ్, అంటే మామూలు మనిషి, మనవాడు. ప్వాలూ అని ఎక్కువగా పిలిచింది వెనక ఉన్న జనం, పేపర్లవాళ్ళు, పోస్టర్లు గీసినవాళ్ళు, చందాలు ఎత్తినవాళ్ళు. ఆ మాట సిపాయిలు బొత్తిగా వాడలేదని కాదు, కందకాల్లో వాళ్ళు సొంతంగా అచ్చేసుకున్న చిన్న పత్రికల పేర్లలో ప్వాలూ చాలాచోట్ల ఉంటుంది. కానీ అచ్చులో ఒకటి, పక్కన కూర్చుని బీడీ పంచుకునేటప్పుడు ఇంకోటి. పక్కనోణ్ణి వీరుడా అని ఎవడంటాడు? మనోడు అంటాడు. దేశం వాళ్ళని వీరులని పిలిచింది, వాళ్ళు మనుషులమని చెప్పుకున్నారు. ఆ రెండు పేర్ల మధ్య దూరం ఎంతుందో ఇక్కడికి వచ్చాకే నాకు తెలిసింది.

మంగళవారం, దువోమోన్, ఫ్లూరీ

పొద్దున మంచు. ఊరికి ఈశాన్యంగా కొండెక్కుతుంటే రోడ్డుకి రెండు వైపులా అడవి, చెట్ల కింద నేల మాత్రం నేలలా ఉండదు, గుంతలు గుంతలుగా, ఒక గుంత అంచు ఇంకో గుంతలో కలిసిపోయి, ఎక్కడా చదునుగా ఒక మంచం వేసే జాగా లేదు. అవన్నీ షెల్లు పడ్డ గోతులు, వందేళ్ళు దాటినా పూడలేదు. నేలలో పేలని షెల్లు ఇంకా ఉన్నాయి కాబట్టి దారి దాటి లోపలికి పోవద్దని బోర్డులు పెట్టారు.

ఫ్లూరీ అనే ఊరు ఇక్కడ ఉండేది. 1916 వేసవిలో అది పదహారు సార్లు చేతులు మారింది, ఆఖరికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు చెట్ల మధ్య కాలిబాట, పక్కన చిన్న చిన్న గుర్తులు, ఇక్కడ రొట్టెల కొట్టు, ఇక్కడ బడి, ఇక్కడ రైతు ఇల్లు అని. బడి అని రాసున్న చోట నిలబడి చూస్తే గోతిలో నీళ్ళు, నీళ్ళ మీద ఆకులు. ఇలా పోయిన ఊళ్ళు ఈ చుట్టుపక్కల తొమ్మిది, వాటిని "ఫ్రాన్స్ కోసం చనిపోయిన ఊళ్ళు" అంటారు, సైనికుడికి వాడే మాటే ఊరికీ వాడారు. ఒక్క మనిషి కాపురం లేకపోయినా ఈ ఊరికి ఇప్పటికీ మేయర్‌ని వేస్తున్నారు. ఎందుకని బావని అడిగితే "వేయకపోతే ఊరు లేదని ఒప్పుకున్నట్టే కదరా" అన్నాడు.

అక్కణ్ణించి దువోమోన్ అస్థిశాల. పొడవాటి రాతి కట్టడం, 137 మీటర్లు, మధ్యలో 46 మీటర్ల బురుజు, 1932లో తెరిచారు. లోపల పైకప్పు రాళ్ళ మీద పేర్లు చెక్కి ఉంటాయి, ఎర్రటి వెలుగు. వెనక్కి వెళ్తే నేలకి దగ్గరగా చిన్న కిటికీలు, వంగి చూడాలి. ఎముకలు. తొడ ఎముకలు ఒకవైపు, పుర్రెలు ఒకవైపు, గుట్టలు గుట్టలుగా. సుమారు లక్షా ముప్పై వేల మందివి, ఫ్రెంచివాళ్ళవీ జర్మన్లవీ కలిసే ఉన్నాయి, ఎవరివో తెలియక. ఇంక ఆ కిటికీ దగ్గర ప్వాలూ అన్న పేరుకీ, జర్మన్లని వీళ్ళు తిట్టుకున్న బోష్ అన్న పేరుకీ పనేముంది. నేను రెండు కిటికీలు చూశాను, మూడోది చూడలేకపోయాను.

ముందు వైపు శ్మశానంలో పదహారు వేలకి పైగా సమాధులు, వరసలు వరసలుగా తెల్ల శిలువలు, మధ్యలో ఒకవైపు ముస్లిం సైనికుల సమాధులు మక్కా వైపు తిరిగి. పక్కనే వాళ్ళకోసం 2006లో కట్టిన స్మారకం ఉంది, యూదు సైనికులకి 1938లోనే కట్టారు. కాస్త దూరంలో దువోమోన్ కోట. జర్మన్లు 1916 ఫిబ్రవరి 25న దాదాపు పోరాటం లేకుండానే పట్టేసుకున్నారు, అక్టోబర్ 24న తిరిగి గెలిచింది మొరాకో కాలనీ పదాతిదళం, వాళ్ళతోపాటు సెనెగల్ సిపాయిలు, సోమాలీ సిపాయిలు. వెర్డన్ అనగానే ఫ్రెంచి పల్లెటూరి రైతు బొమ్మే కళ్ళముందుకి వస్తుంది, నిజానికి ఆ బొమ్మలో ఎన్ని దేశాల ముఖాలున్నాయో.

మా వైపు ముఖాలు కూడా. మాది కాకినాడ పక్క పల్లె, యానాం మాకు బస్సు దూరం, చిన్నప్పట్నుంచి అక్కడ వీధుల ఫ్రెంచి పేర్లు చూస్తూ పెరిగాం. యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చందర్‌నగర్ అప్పట్లో ఫ్రెంచి వాళ్ళవి, అక్కణ్ణించీ ఈ యుద్ధానికి మనుషులు వచ్చారు. చందర్‌నగర్ నుంచి 1916లో బెంగాలీ కుర్రాళ్ళు ఫ్రెంచ్ సైన్యంలో చేరి ఈ వెర్డన్ దాకా వచ్చి పోరాడారు. పుదుచ్చేరి బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహానికి ఎదురుగా ఉండే యుద్ధ స్మారకం 1938లో ఆవిష్కరించింది అలా ఫ్రెంచి ఇండియా నుంచి వచ్చి ఈ యుద్ధంలో పోయినవాళ్ళ కోసమే, అందులో తల వంచుకుని నిలబడ్డ సైనికుడి తల మీద ఉన్నది ఈ ఆద్రియాన్ హెల్మెట్టే. సెల్ఫీలు దిగడానికి వెళ్ళేవాళ్ళం, అతను ఎవరో ఎప్పుడూ అడగలేదు, అడిగితే చెప్పేవాళ్ళు కూడా అక్కడ లేరు. వీళ్ళని ప్వాలూ అని ఎవరైనా పిలిచారా అని నాకు అక్కడ గట్టిగా అనిపించింది. పిలిచి ఉండాల్సింది.

బుధవారం, వ్వా సక్రే

బార్ ల ద్యూక్ నుంచి వెర్డన్‌కి వచ్చే రోడ్డుని వ్వా సక్రే అంటారు, పవిత్ర మార్గం. 1916లో పెద్ద రైలు మార్గం తెగిపోయింది, మిగిలింది చిన్న మీటర్ గేజ్ లైను, ఈ రోడ్డు. 70 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీద పోరు తీవ్రంగా ఉన్నప్పుడు 14 సెకన్లకో లారీ పోయేది, వారానికి 90,000 మంది మనుషులు, 50,000 టన్నుల సరుకు. చెడిపోయిన లారీని పక్కకి తోసేయడమే, ఆపడం లేదు. రోడ్డు తవ్వుకుపోతుంటే పక్కనే రాళ్ళు కొట్టి పారలతో చక్రాల కిందకే విసిరేవారు, ఆ పని చేసింది ఎక్కువగా నలభై దాటిన పెద్ద వయసు సిపాయిలు, వాళ్ళని పెపేర్ అంటే తాతగార్లు అనేవారు.

మేం వెర్డన్ నుంచి కిందకి వచ్చాం. ప్రతి కిలోమీటర్ రాయి మీద ఆద్రియాన్ హెల్మెట్ బొమ్మ ఉంటుంది, కారు ఆపి ఒకదాని దగ్గరికి వెళ్ళి చూశాం, హెల్మెట్ దూలం మీద పాచి పట్టి ఉంది. మధ్యలో సుయీ ఊళ్ళో మెరీ, అంటే మన పంచాయతీ ఆఫీసు లాంటిది, వెర్డన్ పోరుని నడిపిన ఫ్రెంచ్ జనరల్ పెతాన్ హెడ్‌క్వార్టర్ అందులోనే పెట్టుకున్నాడు. ఆ మెట్ల మీద నిలబడి ఆయన పైకి వెళ్ళే దళాల్నీ దిగొచ్చే దళాల్నీ చూసేవాడు. దళాల్ని మార్చి మార్చి పంపడం ఆయన పద్ధతి, అందుకే ఫ్రెంచ్ కాల్బలంలో చాలా భాగం ఏదో ఒకప్పుడు వెర్డన్ చూసొచ్చింది. ఈ పేరు దేశంలో ప్రతి ఇంటికీ చేరడానికి అది కూడా ఒక కారణం అని నా అభిప్రాయం, ప్రతి ఊళ్ళోనూ వెర్డన్ నుంచి వచ్చినవాడో రానివాడో ఒకడు ఉన్నాడు.

దారి తప్పి వెళ్ళిన ఒక చిన్న ఊళ్ళో చర్చి పక్కన ప్వాలూ విగ్రహం. యుద్ధం అయ్యాక 1920 నుంచి ఐదారేళ్ళలో దేశంలో దాదాపు ప్రతి ఊరూ ఒక స్మారకం కట్టుకుంది, విగ్రహాలు కేటలాగులో చూసి ఆర్డర్ ఇచ్చేవారు. యూజెన్ బెనే అనే శిల్పి చేసిన ప్వాలూ, ఒక చేత్తో తుపాకి, పైకెత్తిన చేతిలో లారెల్ దండ, దానికి దేశమంతా 900 దాకా నకళ్ళు ఉన్నాయంటారు. ఇది ఆ మూసది కాదు, తుపాకి మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మీసం ఉంది, గడ్డం లేదు. కింద రాతి మీద ఇరవై పైన పేర్లు, ఒకే ఇంటిపేరు మూడుసార్లు. ఊళ్ళో ఇళ్ళు చూస్తే యాభై ఉంటాయేమో. ఒక పెద్దావిడ కుక్కని తిప్పుతూ వచ్చి బావతో మాట్లాడింది, ఆ మూడు పేర్లు అన్నదమ్ములవంట, వాళ్ళ చెల్లెలు పెళ్ళి చేసుకోకుండా ఈ ఊళ్ళోనే ముసలిదై పోయిందంట, తన చిన్నప్పుడు చూసిందంట. "మీరు ఏ దేశం" అని అడిగి, ఇండియా అనగానే "మీవాళ్ళు కూడా వచ్చారు కదా" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకు ఎంత సంతోషమో.

గురువారం, మళ్ళీ పారిస్

ఇన్వాలిద్. అందరూ నెపోలియన్ సమాధి చూడ్డానికి వచ్చే చోటు. అదే గోపురం కింద పక్కన, యుద్ధం చివర్లో మిత్రదేశాల సేనల్ని నడిపిన ఫ్రెంచ్ సేనాపతి మార్షల్ ఫోష్ సమాధి ఉంది, లాందోవ్‌స్కీ చెక్కింది. ఫోష్ పడుకుని ఉంటాడు, ఆ పాడెని మోసేది కంచు సిపాయిలు, హెల్మెట్లు పెట్టుకుని, తలలు దించి, బరువు మీద పడుతున్నట్టు భుజాలు కుంగి. సేనాపతి సమాధిలో నేను ఎక్కువసేపు చూసింది మోస్తున్నవాళ్ళనే.

ఆఖరి ప్వాలూ అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి, 2008 మార్చి 17న. ఆయన పేరు లాజార్ పోంటిచెల్లి, పోయింది మార్చి 12న, 110 ఏళ్ళు. పుట్టింది ఇటలీలో, 1897లో. పేద కుటుంబం, తొమ్మిదేళ్ళకి ఒంటరిగా రైలెక్కి పారిస్ వచ్చి, పొగగొట్టాలు తుడిచాడు, పేపర్లు అమ్మాడు. 1914లో వయసు ఎక్కువ చెప్పి ఫారిన్ లీజియన్‌లో, అంటే విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచ్ దళంలో చేరాడు. 1915లో ఇటలీ కూడా యుద్ధంలోకి దిగేసరికి ఫ్రెంచ్ సైన్యం నుంచి పంపించేశారు, వెళ్ళనంటే పోలీసుల్ని తోడిచ్చి మరీ పంపించారు, అక్కడ కొండల దళంలో పోరాడాడు. ఫ్రెంచ్ పౌరసత్వం వచ్చింది 1939లో. ఫ్రాన్స్ తన ఆఖరి ప్వాలూ అని గుండెకి హత్తుకున్న మనిషి యుద్ధం చేసేటప్పటికి ఫ్రెంచివాడు కాదు, మన బావలాగా బతుకుదెరువుకి వచ్చిన మనిషి.

ఆర్గాన్ అడవిలో రెండు కందకాల మధ్య దెబ్బతిని పడున్న జర్మన్ ఒకడు రెండు వేళ్ళు చూపించాడని, తనకి ఇద్దరు పిల్లలున్నారని చెప్తున్నాడని అర్థమైందని పోంటిచెల్లి చెప్పేవాడు. ఆఖరి ప్వాలూకి ప్రభుత్వ లాంఛనాలతో పెద్ద అంత్యక్రియలు చేస్తామని ముందే ప్రకటిస్తే ఆయన మొదట వద్దన్నాడు. తనకి ముందు పోయినవాళ్ళకి ఎవరికీ చేయకుండా, బతికిపోయినందుకు తనకి చేయడం వాళ్ళని అవమానించడమే అన్నాడు. ఆయనకంటే రెండు నెలల ముందు లూయీ ద కజనావ్ పోయాక, ఇంక తనొక్కడే మిగిలాక ఒప్పుకున్నాడు, ఆడంబరం లేకుండా చిన్న కార్యక్రమంగా, చనిపోయినవాళ్ళందరి పేరు మీదా చేస్తేనే అన్న షరతు మీద. ఆ రోజే ఇక్కడ ప్వాలూలందరికీ కృతజ్ఞతగా ఒక ఫలకం ఆవిష్కరించారు. ఆయన్ని మాత్రం ఇక్కడ పెట్టలేదు, పారిస్ శివారు ఈవ్రీ శ్మశానంలో సొంత కుటుంబం సమాధిలో పెట్టారు.

"చూడు బావా, ఆయన ఆ పేరు తనొక్కడి కోసం పుచ్చుకోలేదు" అన్నాను. "బొనొమ్ కదరా" అన్నాడు బావ.

ఇన్వాలిద్‌కి వెళ్ళేవాళ్ళు నెపోలియన్‌ని చూసి వెనక్కి వచ్చేయకండి. అదే టికెట్ మీద ప్రపంచ యుద్ధాల గదులు కూడా చూడొచ్చు, ఎర్ర ప్యాంటు, నీలం కోటు, లెబెల్ తుపాకి అన్నీ ఉన్నాయి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. వెర్డన్‌కైతే సొంత కారో అద్దె కారో ఉండాలి, రైలు దిగాక బస్సులో ఊళ్ళోకి వెళ్ళొచ్చు గానీ కొండ మీద ఒకచోట నుంచి ఇంకోచోటికి నడవడం కష్టం. రెండు రోజులు పెట్టుకోండి, ఫ్లూరీ కాలిబాట మాత్రం పొద్దున్నే, బస్సులు రాకముందు వెళ్ళండి.